తిరుపతిలో ఎక్కడ దిగాలి: బొటిక్ హోటలా, టీటీడీ గదా, బస్టాండ్ కాడ లాడ్జా?

తిరుపతిలో రూమ్ వెతకడం వేరే ఊర్లో రూమ్ వెతికినట్టు కాదండి. మైసూరో ఊటీనో పోతే రూమ్ తీసుకుంటాం, రాత్రి ఆడే పడుకుంటాం, పొద్దున లేచి ఊరు చూస్తాం. ఈడ అట్ల కుదరదు. తెల్లారుజామున రైలు దిగుతారు, తలస్నానం చేసి ఎనిమిదికల్లా కొండెక్కుతారు, క్యూలో ఎంతసేపు పడుతుందో ఎవరికీ తెలియదు, కిందికి వచ్చేసరికి ఒక్కోసారి అర్ధరాత్రి అయిపోతుంది, మళ్ళీ పొద్దున్నే ట్రైన్. ఇంతా చేసి రూమ్‌లో ఉన్నది మూడు నాలుగు గంటలు. ఆ మూడు నాలుగు గంటల కోసం ఫోటోలు చూసి అయిదారు వేలు కట్టేసేవాళ్ళు ఉన్నారు, ఇంకోపక్క ఎనభై ఏళ్ల అవ్వని తీసుకొచ్చి రెండు రోజులు ఉండాల్సినోళ్ళు వెయ్యి రూపాయలు మిగుల్తాయని లిఫ్ట్ లేని లాడ్జిలో రెండో అంతస్తులో దిగుతున్నారు. రెండూ చూస్తే బాధేస్తుంది. ఊర్లో ఉంటాం కాబట్టి చుట్టాలు, చుట్టాల చుట్టాలు అందరూ ఫోన్ చేస్తారు, అందరూ "ఏ హోటల్ బాగుంటుంది" అనే అడుగుతారు, "మా దర్శనం ఫలానా టైమ్‌కి, మాతో ఫలానా వాళ్ళు వస్తున్నారు, ఎక్కడ దిగమంటావ్" అని అడిగేవాళ్ళు తక్కువ. అడగాల్సింది ఆ రెండో ప్రశ్న.

ఈమధ్య ఎక్కువగా అడుగుతున్నది బొటిక్ హోటళ్ళ గురించి, అందుకే వాటితోనే మొదలుపెడతా.

బొటిక్ హోటల్ అంటే చిన్న హోటల్, ఒక ఇరవై ముప్పై రూములు, ఓనరో ఓనర్ కొడుకో అక్కడే తిరుగుతుంటారు, డెకరేషన్ వెనక ఒక ఆలోచన ఉంటుంది, అన్ని రూములూ ఒకే అచ్చులో పోసినట్టు ఉండవు. న్యూయార్క్‌లో 1984లో మోర్గాన్స్ అనే హోటల్ తెరిచినాక ఈ పద్ధతికి బాగా పేరొచ్చింది, దానికి ముందే లండన్‌లో, శాన్ ఫ్రాన్సిస్కోలో ఇట్లాంటివి మొదలయ్యాయి. ఏ ఊరికి పోయినా అదే రూమ్, అదే కర్టెన్, అదే బఫే అనే పెద్ద హోటళ్ళ పద్ధతికి విసిగిపోయినోళ్ళ కోసం వచ్చినవి. మన దగ్గర మాత్రం బోర్డు మీద బొటిక్ అని రాసుకున్నంత మాత్రాన నమ్మేయొద్దు, స్టార్ రేటింగ్ లాగా ఒక కమిటీ వచ్చి రూములు చూసి ఇచ్చే హోదా కాదది. పాత లాడ్జికే గోడలకి గ్రే పెయింట్ కొట్టి, పసుపు లైట్లు పెట్టి, పేరు మార్చి రేటు డబుల్ చేసినవి కూడా ఉన్నాయి.

నేనైతే ఒక చిన్న విషయం చూస్తా. ఈ చుట్టుపక్కల హోటళ్ళలో గోడకి కలంకారీ గుడ్డ వేలాడదీయడం మామూలే, చేత్తో గీసే కలంకారీకి పేరున్న శ్రీకాళహస్తి ఇక్కడికి గంట దూరమే గదా. దగ్గరికి పోయి చూడండి. చేత్తో కలం పట్టి గీసినదైతే గీత ఒకచోట లావుగా మొదలై పోనుపోను సన్నగా అవుతుంది, నలుపు కూడా బెల్లం, ఇనుప ముక్కలు నానబెట్టి తీసిన నలుపు, అంతటా ఒకే చిక్కదనం ఉండదు, గుడ్డ తిప్పి చూస్తే వెనక్కి కూడా రంగు దిగి ఉంటుంది. ప్రింటు అయితే ప్రతి గీతా ఒకే లావు, వెనకంతా తెల్లగా ఉంటుంది. కలంకారీ ఒరిజినల్ అయినంత మాత్రాన బాత్రూమ్ శుభ్రంగా ఉంటుందని గ్యారంటీ ఏం లేదు, కానీ అంత శ్రద్ధ పెట్టి గోడ మీదికి తెచ్చినోడు పరుపు, దుప్పటి, గీజర్ విషయంలో కూడా శ్రద్ధ పెడతాడని నా నమ్మకం, చాలాసార్లు అది నిజమే అయింది.

మంచి బొటిక్ హోటల్‌లో అసలు లాభం మనుషులు. రిసెప్షన్‌లో ఉండే పిల్లోడికి మీరు ఏ రూమ్‌లో ఉన్నారో, మీతో పెద్దాయన ఉన్నాడో చంటిబిడ్డ ఉందో గుర్తుంటుంది. మా చిన్నాయన వాళ్ళు దిగినప్పుడు రాత్రే అడిగి పెట్టుకున్నారు, తెల్లారి మూడున్నరకి తలుపు కొట్టి ఫ్లాస్కులో వేడినీళ్ళు, కాఫీ ఇచ్చి, కిందికి కారు పిలిపించి, "సార్ ఈరోజు దర్శనం క్యూ కంపార్ట్‌మెంట్లు నిండినాయంట, బిస్కెట్లు, నీళ్ళ బాటిల్ పెట్టుకోండి" అని చెప్పి పంపించినారు. నూట యాభై రూములున్న హోటల్‌లో అంత చూసుకునే తీరిక ఎవరికీ ఉండదు, వాళ్ళ తప్పూ కాదు. ఇంకో లాభం నిశ్శబ్దం. బస్టాండ్, రైల్వే స్టేషన్ చుట్టుపక్కల రూముల్లో రాత్రంతా బస్సు హారన్లు, "తిరుమల తిరుమల" అని జీపులోళ్ళ కేకలు, కారిడార్‌లో గుండ్లు చేయించుకొని వచ్చిన పిల్లల ఏడుపులు, నిద్ర ఎక్కడిది. బాలాజీ కాలనీ, కేటీ రోడ్, ఎయిర్ బైపాస్ వైపు కాలనీల లోపలికి ఉండే చిన్న హోటల్‌లో ఆ గోల తగ్గుతుంది.

ఉత్తరం వైపు కిటికీ ఉన్న రూమ్ దొరికితే శేషాచలం కొండలు కనపడతాయి, పొద్దున ఆరింటప్పుడు ఆ కొండ అంచు మీద ఎండ పడేది చూడాలి. కాకపోతే హిల్ వ్యూ అని ఎక్స్‌ట్రా తీసుకునే ముందు ఎన్నో అంతస్తు, ఎదురుగా ఇంకో బిల్డింగ్ లేస్తా ఉందా అని అడగండి, తిరుపతిలో ఆరు నెలలకే వ్యూ మారిపోతుంది, వెబ్‌సైట్‌లో ఫోటో మాత్రం మారదు.

ఇప్పుడు ఇబ్బందులు. ఇవి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే రివ్యూలలో ఇవి రావు, తీర్థయాత్రకి వచ్చినోళ్ళకే ఇవి తగుల్తాయి.

మొదటిది బాత్రూమ్. కొత్త మోడల్ రూముల్లో బాత్రూమ్‌కీ పడగ్గదికీ మధ్య గోడ బదులు అద్దం పెడతారు, కొన్నిట్లో తలుపు కూడా కిందా పైనా సందు ఉండే జారుడు తలుపు. కొత్తగా పెళ్ళైన జంటకి ఏమో గానీ అత్తమామలతో ఒకే రూమ్‌లో ఉండేవాళ్ళకి అది చాలా ఇబ్బంది. రెండోది బకెట్, మగ్గు ఉండవు, షవర్ ఒక్కటే. మన పెద్దోళ్ళు షవర్ కింద నిలబడి చేయలేరు, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చొని మగ్గుతో పోసుకుంటేనే వాళ్ళకి స్నానం. అడిగితే తెచ్చిస్తారు, కానీ తెల్లారుజామున మూడింటికి అడిగితే వెతికి తెచ్చేవాళ్ళు దొరకరు, చెక్ ఇన్ అప్పుడే బకెట్, మగ్గు, స్టూలు మూడూ అడిగి రూమ్‌లో పెట్టించుకోండి. నేల కూడా చూడండి, నున్నటి టైల్స్ అయితే తడి కాలితో జారతారు.

తర్వాత తడి బట్టలు. పుష్కరిణిలో మునిగినోళ్ళు, పొర్లుదండాలు పెట్టినోళ్ళు తడి పంచెలు, చీరలు తెస్తారు. టీటీడీ కాటేజీల్లో, పాత సత్రాల్లో ఏదో ఒక దండెం ఉంటుంది, బొటిక్ రూమ్‌లో ఒక్క మేకు కూడా ఉండదు. కుర్చీల మీద ఆరేస్తే ఫర్నిచర్ పాడైందని ఫైన్ వేసినోళ్ళు ఉన్నారు. గుండు చేయించుకున్నాక రాసుకునే గంధం ఇంకో సమస్య, తెల్ల దిండు గలీబు మీద, తెల్ల టవల్ మీద పడితే ఆ పసుపు మరక సులువుగా పోదు, చెకౌట్ అప్పుడు హౌస్ కీపింగ్ వాళ్ళు చూసి బిల్లులో వేస్తారు. తెలిసినోళ్ళ కుటుంబానికి ఒకచోట మూడు దిండ్లకి డబ్బులు కట్టించుకున్నారు, పుట్టెంట్రుకలు తీయించుకోవడానికే వచ్చిన కుటుంబం, పాపం ఆ రోజు సంతోషమంతా అక్కడ పోయింది. ఇంటి నుంచి రెండు పాత టవల్స్ తెచ్చుకుంటే చాలు. లడ్లు కూడా టేబుల్ మీద కవర్‌లో వదిలేయకండి, చీమలు పడతాయి, గట్టి మూత డబ్బా ఒకటి పెట్టుకోండి.

అన్నిటికంటే డబ్బు పోయేది చెక్ ఇన్ చెకౌట్ టైమ్ దగ్గర. బస్టాండ్ లాడ్జీల్లో చాలావాటిల్లో 24 గంటల లెక్క, పొద్దున 6కి దిగితే రేపు పొద్దున 6 వరకూ రూమ్ మీదే. బొటిక్ హోటళ్ళు, పెద్ద హోటళ్ళు మామూలుగా మధ్యాహ్నం 12కో ఒంటిగంటకో చెక్ ఇన్, మర్నాడు 11కో 12కో చెకౌట్ పెడతాయి. హైదరాబాద్ నుంచి రాత్రి బండి ఎక్కి తెల్లారి దిగినోడికి ఆ టైమ్‌కి రూమ్ ఇవ్వరు, ఇచ్చినా ఎర్లీ చెక్ ఇన్ అని సగం రోజు అద్దె అడుగుతారు, లేకపోతే ముందు రాత్రి నుంచే బుక్ చేసుకోమంటారు. టిఫిన్ ఫ్రీ అని రాసి ఉంటుంది, అది మొదలయ్యేది ఏడున్నరకి, మీ దర్శనం స్లాట్ ఎనిమిదికి ఉంటే మీకు ఆ టిఫిన్ లేనట్టే. ముందురోజు రాత్రే చెప్తే ఇడ్లీ పార్సిల్ కట్టి ఇచ్చేవాళ్ళు ఉన్నారు, అడగాలి అంతే.

కార్లలో వచ్చేవాళ్ళు పార్కింగ్ గురించి ఫోన్‌లో అడగండి, పార్కింగ్ ఉంది అంటే ఎన్ని కార్లకి అని కూడా అడగండి. చిన్న హోటల్ సెల్లార్‌లో ఆరు కార్లు పడితే ఎక్కువ, టెంపో ట్రావెలర్ అయితే ఆ సందులోకే రాదు. కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా లైట్లు ఫ్యాన్లేనా, ఇది మే నెలలో వచ్చేవాళ్ళు తప్పకుండా అడగాల్సింది, తిరుపతి ఎండాకాలం 40 డిగ్రీలు దాటేస్తుంది, పడమర గోడ ఉన్న రూమ్ రాత్రి పదికి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది.

సరే, మరి వేరే ఆప్షన్స్ ఏంది?

కొండ కింద టీటీడీ గదులు చాలామందికి అన్నిటికంటే మంచివి, ఇది నేను మొహమాటం లేకుండా చెప్తా. బస్టాండ్‌కి ఎదురుగా శ్రీనివాసం, దాని పక్కనే మాధవం, రైల్వే స్టేషన్‌కి ఎదురుగా విష్ణు నివాసం. దిగిన చోటు నుంచి బ్యాగులు పట్టుకొని నడిచి పోవచ్చు, ఆటో బేరాలు లేవు. అద్దె ప్రైవేటు వాటితో పోలిస్తే చాలా తక్కువ, ఏసీ రూములు కూడా ఉన్నాయి, లాకర్లు ఉన్నాయి. కొండకి పోయే బస్సులు గుమ్మం ముందు నుంచే. ఇబ్బంది ఏందంటే దొరకవు. ఆన్‌లైన్ కోటా దాదాపు మూడు నెలల ముందు వదుల్తారు, వదిలిన కాసేపటికే అయిపోతాయి, కౌంటర్‌లో అప్పటికప్పుడు ఇచ్చేవి ఉంటాయి గానీ శని ఆదివారాల్లో క్యూలో నిలబడి చివరికి లేవనిపించుకోవడానికి సిద్ధపడాలి. లోపల జనం, శబ్దం, రూమ్ సర్వీస్ ఉండదు. కానీ రెండు రోజుల ట్రిప్‌లో గది అంటే స్నానానికి, కాసేపు నడుం వాల్చడానికి అనుకునేవాళ్ళకి ఇంతకు మించి అక్కర్లేదు. ముందు అది ట్రై చేయండి, దొరక్కపోతేనే మిగతావి.

కొండ మీద గదుల సంగతి వేరు. 50, 100 రూపాయల గదుల నుంచి వెయ్యి పైన ఉన్నవాటి దాకా ఉన్నాయి. సుప్రభాతం, తోమాల, అర్చన లాంటి తెల్లారుజాము సేవల టికెట్ ఉంటే మీరు కొండ మీదే ఉండి తీరాలి, కింద ఎంత గొప్ప హోటల్ తీసుకున్నా పనికిరాదు, ఎందుకంటే రాత్రి కొన్ని గంటలు ఘాట్ రోడ్ మూసేస్తారు, సేవకి రిపోర్ట్ చేయాల్సిందేమో ఆ టైమ్‌లోనే. ఒక్కరే వచ్చేవాళ్ళకి కొండ మీద మామూలుగా గది ఇవ్వరు, యాత్రికుల వసతి సముదాయాల్లో హాల్లో పడుకోవచ్చు, లాకర్ ఇస్తారు, దానికి డబ్బులు ఉండవు. ఒంటరిగా వచ్చే ఆడవాళ్ళు హాల్ వద్దనుకుంటే కింద ఊర్లో మంచి చిన్న హోటల్ తీసుకోవడమే నయం, నా వరకూ బొటిక్ హోటల్‌కి పెట్టిన డబ్బు పూర్తిగా న్యాయం అయ్యే సందర్భాల్లో అదొకటి, రాత్రి పూట రిసెప్షన్‌లో మనిషి ఉంటాడు, మీరు ఎప్పుడు వచ్చారో పోయారో గమనించే కళ్ళు నాలుగు ఉంటాయి.

బస్టాండ్, గాంధీ రోడ్, స్టేషన్ చుట్టూ ఉండే లాడ్జీలు ఆరేడు గంటల పనికి సరిపోతాయి. రైలు దిగి, స్నానం చేసి, బట్టలు మార్చుకొని, సామాను పెట్టేసి కొండెక్కి, వచ్చాక ఖాళీ చేసి బండెక్కేవాళ్ళకి అంతకంటే ఖర్చు పెట్టడం దండగ. రూమ్ చూడకుండా డబ్బు కట్టొద్దు, దుప్పటి తీసి చూడండి, కొళాయి తిప్పి వేడినీళ్ళు ఏ టైమ్ వరకు అని అడగండి, కొన్నిట్లో పొద్దున తొమ్మిది తర్వాత రావు. స్టేషన్ బయట మీ బ్యాగు పట్టుకొని "రూమ్ రూమ్" అని వెంటపడేవాళ్ళతో మాత్రం పోవద్దు, వాళ్ళ కమీషన్ మీ అద్దెలోనే కలుస్తుంది. ట్రైన్ టికెట్ ఉంటే రైల్వే రిటైరింగ్ రూమ్స్ కూడా ఐఆర్‌సీటీసీలో చూసుకోండి, ఖాళీ ఉంటే అదృష్టమే.

ఇక పెద్ద హోటళ్ళు. పిల్లలకి స్విమ్మింగ్ పూల్, పెద్ద పార్కింగ్, రెండు మూడు లిఫ్ట్‌లు, జనరేటర్ గట్టిది, రాత్రి ఏ టైమ్‌కి వచ్చినా ఏదో ఒక తిండి. దశావతారాల థీమ్‌తో కట్టిన మరస సరోవర్ ప్రీమియర్ లాంటివి కూడా ఈ ఊర్లో ఉన్నాయి, అంటే డెకరేషన్‌లో ఊరి వాసన ఉండాలంటే చిన్న హోటలే కావాలని ఏం లేదు. అమెరికా నుంచి వచ్చే మనోళ్ళ పిల్లలవి విదేశీ పాస్‌పోర్టులు అయితే హోటల్ వాళ్ళు 24 గంటల్లోపు వాళ్ళ వివరాలు ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో పంపాలి, పెద్ద హోటళ్ళకి ఇది రోజూ చేసే పని, కొన్ని చిన్న హోటళ్ళు ఆ తలనొప్పి ఎందుకని వచ్చాక రూమ్ లేదంటాయి. బుక్ చేసేటప్పుడే పాస్‌పోర్ట్ సంగతి చెప్పేయండి.

బిల్లు గురించి ఒక మాట, ఎందుకంటే పోల్చేటప్పుడు చాలామంది టాక్స్ లేకుండా పోలుస్తారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 రూపాయల వరకూ ఉన్న రూమ్‌కి జీఎస్టీ 5 శాతం, అంతకుముందు 12 ఉండేది. 7,500 దాటితే 18 శాతం. అంటే 7,500 రూమ్‌కి మీరు కట్టేది 7,875, అదే 7,600 రూమ్‌కి 8,968. వంద రూపాయల తేడాకి వెయ్యి పైన ఎక్కువ పోతుంది. రద్దీ రోజుల్లో రేట్లు పెరిగి ఈ గీత దగ్గరికి వచ్చే హోటళ్ళు ఉంటాయి, ఎక్స్‌ట్రా బెడ్ కలిపాక మొత్తం ఎంత అవుతుందో, టాక్స్ ఎంత పడుతుందో ముందే ఫోన్‌లో అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి. పాత రేట్ కార్డు చూపించి ఇంకా 12 శాతం అంటే ఒప్పుకోవద్దు.

ఇంతకీ బొటిక్ హోటల్ ఎప్పుడు తీసుకోవాలి అంటే నా మాట ఒకటే, దర్శనం ముందు రాత్రికి వద్దు, దర్శనం అయినాక రాత్రికి తీసుకోండి. ముందు రాత్రి ఎవరికీ సరిగా నిద్ర ఉండదు, టికెట్ ప్రింట్ ఉందా, ఆధార్ పెట్టుకున్నామా, ఎన్నింటికి లేవాలి, ఇదే ఆలోచన, ఆ రాత్రికి శ్రీనివాసంలోనో లాడ్జిలోనో పడుకుంటే ఏం పోదు. దర్శనం అయ్యి, ప్రసాదం తీసుకొని, మోకాళ్ళు పట్టేసి కిందికి దిగినప్పుడు కావాలి మంచి పరుపు, వేడినీళ్ళు, నిశ్శబ్దం. అలిపిరి నుంచి నడిచి ఎక్కినోళ్ళయితే ఇంకా, 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు, మర్నాటికి పిక్కలు రాయైపోతాయి. ఆ రోజు మధ్యాహ్నం చెక్ ఇన్ మీ టైమ్‌కి సరిగ్గా కుదురుతుంది, సాయంత్రం వరకూ పడుకోండి, మర్నాడు పొద్దున తీరిగ్గా టిఫిన్ తిని తిరుచానూరు అమ్మవారిని చూసుకోండి, కపిలతీర్థం, శ్రీనివాస మంగాపురం, చంద్రగిరి కోట చూడండి, ఓపిక ఉంటే కాళహస్తి, కాణిపాకం పోయి రండి. అప్పుడు ఆ హోటల్ మీకు నిజంగా ఉపయోగపడుతుంది, మీరు కట్టిన ప్రతి గంటా రూమ్‌లోనో ఊర్లోనో గడుపుతారు, క్యూలో కాదు. టైమ్ లెక్క వేసుకునేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి, ఘాట్ రోడ్డులో కిందికి దిగేటప్పుడు 40 నిమిషాలకంటే ముందు దిగనివ్వరు, స్పీడ్ చూసి ఫైన్ వేస్తారు, దానికి అలిపిరి నుంచి ఊర్లోకి ట్రాఫిక్ కలుపుకొని గంటన్నర వేసుకుంటేనే సేఫ్.

స్విమ్స్‌కో, రుయాకో, బర్డ్‌కో వైద్యానికి వచ్చేవాళ్ళు మాత్రం బొటిక్ హోటల్ జోలికి పోవద్దు, నాలుగైదు రోజులు అయితే ఖర్చు తట్టుకోలేరు, కిచెన్ ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంటో, ఆస్పత్రికి నడిచే దూరంలో వారానికి ఇచ్చే రూమో చూసుకోండి, గంజి కాచుకోవడానికి పొయ్యి ఉండటం కలంకారీ కంటే ముఖ్యం అప్పుడు. పెళ్ళిళ్ళకి మాత్రం చిన్న హోటల్ బాగా పనికొస్తుంది, ఇరవై రూములు మొత్తం తీసేసుకుంటే ఇల్లు మనదే, ముహూర్తం తెల్లారుజామున ఉంటే వంటవాళ్ళని కూడా మాట్లాడుకోవచ్చు. అదే మాట తిరగేస్తే, మీరు మామూలుగా ఒక రూమ్ తీసుకొని ఉన్నప్పుడు మిగతా పదిహేను రూములు పెళ్ళివాళ్ళవైతే మీకు నిద్ర లేనట్టే, ముహూర్తాల రోజుల్లో బుక్ చేసేటప్పుడు ఆ సంగతి అడగండి, నిజం చెప్పే హోటల్ వాళ్ళూ ఉంటారు.

తిండి విషయంలో నాకు చిన్న బాధ ఉంది. ఊరి రుచి అని చెప్పుకునే హోటల్ మెనూలో పనీర్ బటర్ మసాలా ఉంటుంది, రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, అలసంద వడలు ఉండవు. అడిగి చూడండి, పది మంది అడిగితే పెడతారేమో. వెజ్ మాత్రమేనా, అదే కిచెన్‌లో నాన్‌వెజ్ వండుతారా, బార్ ఉందా అనేది కూడా నియమంగా వచ్చేవాళ్ళు ముందే కనుక్కోవాలి, వచ్చాక గొడవ పడి లాభం లేదు.

బుకింగ్ దగ్గర జాగ్రత్త. టీటీడీ గదుల పేరుతో, హోటళ్ళ పేరుతో నకిలీ సైట్లు, నకిలీ నంబర్లు తిరుగుతుంటాయి, ఎవరో ఒక మనిషి పేరు మీద యూపీఐకి అడ్వాన్స్ పంపమంటే పంపొద్దు. టీటీడీ గది ఆన్‌లైన్‌లో అయితే టీటీడీ సొంత సైట్‌లోనో యాప్‌లోనో మాత్రమే చేసుకోండి. ప్రైవేటు హోటల్ అయితే యాప్‌లో రేటు చూసి, హోటల్‌కి నేరుగా ఫోన్ చేసి అడగండి, చాలాసార్లు అదే రేటుకి ఎర్లీ చెక్ ఇన్ కలిపి ఇస్తారు, యాప్ కమీషన్ వాళ్ళకి మిగుల్తుంది గదా. బ్రహ్మోత్సవాల్లో, ముఖ్యంగా గరుడ సేవ రోజు, వైకుంఠ ఏకాదశికి, జనవరి ఒకటికి, ఎండాకాలం సెలవుల్లో రేట్లు ఎటు పోతాయో చెప్పలేం, అట్లాంటి రోజులకి యాప్‌లో కన్ఫర్మ్ అయిన బుకింగ్ కూడా రెండు రోజుల ముందు ఫోన్ చేసి "మా రూమ్ ఉంది గదా" అని అడిగి, మీతో మాట్లాడిన వాళ్ళ పేరు రాసిపెట్టుకోండి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారంలో పాత ఊరి రోడ్లు మొత్తం జనమే, ఆ రోజుల్లో వచ్చేవాళ్ళు కారు ఉంటే ఊరి బయట రేణిగుంట రోడ్డు వైపో తిరుచానూరు వైపో దిగితే తిరగడం సులువు, జాతర చూడాలనుకునేవాళ్ళు మాత్రం పాత ఊర్లోనే ఏదో ఒక చిన్న లాడ్జి చూసుకోండి, వేషాలు కట్టి జనం పోయేది మీ గుమ్మం ముందు నుంచే కనపడుతుంది.